అమెరికాలో, ఇండియానాపొలిస్‌లో ఉన్న మనవరాలికి, విశాఖ బర్మాక్యాంపు నుంచి

చిట్టితల్లీ,

బర్మా నుంచి శరణార్థులుగా వచ్చిన కుటుంబాలకు శని, ఆదివారాలు సాయం చేస్తానని నువ్వు పేరిచ్చావట. మీ అమ్మ ఫోన్‌లో చెప్పి ఏడ్చింది. నేనూ ఏడ్చాను గానీ, నాది వేరే ఏడుపు. 1964లో రంగూన్ ఓడ దిగి విశాఖ రేవులో బిక్కమొహం వేసుకుని నిలబడ్డప్పుడు నాకు పన్నెండేళ్లు. అక్కడున్నంతకాలం మమ్మల్ని, కోరంగి రేవు పేరు పెట్టి, కోరంగీలన్నారు, ఇక్కడ దిగగానే బర్మావాళ్లన్నారు. మా నాన్న బతికుంటే నీ సంగతి కంచరపాలెమంతా తిరిగి చెప్పుకొచ్చేవాడు.

సరే, ఇక తిట్లు.

నువ్వున్నది వీసా మీద. ఎవరి తరఫునా సంతకం పెట్టకు. చట్టం సంగతి అడిగితే లాయరు దగ్గరికి తీసుకెళ్లు, నీకు తోచింది చెప్పకు. వాళ్ల పిల్లలతో ఫొటోలు దిగి ఇన్‌స్టాలో పెట్టావో, నీతో మాట్లాడను. చలికోట్లు, బస్సు పాసులు, బడిలో చేర్చడం అక్కడివాళ్లే నేర్పుతారులే.

2025 జనవరిలో మీ అమెరికావాళ్లు శరణార్థుల రాకే ఆపేశారట, జూన్‌లో బర్మావాళ్ల రాక మీదే నిషేధం పెట్టారట. అంటే ముందొచ్చిన కూతురు అక్కడ, వెనక రావాల్సిన తల్లి ఇంకెక్కడో. "మీ అమ్మగారెప్పుడొస్తారు?" అని పలకరింపుకైనా అడగకు. ఓడ దిగిన మమ్మల్ని ఉంచిన ఈ క్యాంపులో మమ్మల్నలాగే అడిగేవారు, మీ మావయ్య ఇంకా రాలేదేం అని. మా అమ్మ అన్నం వార్చాలంటూ లోపలికెళ్లిపోయేది. పొయ్యి మీద ఏమీ ఉండేది కాదు.

నాలుగు బర్మీ ముక్కలు నేర్పమన్నావు. నేర్పను. మీ ఊళ్లో ఉన్నవాళ్లలో చాలామంది చిన్‌లు, బర్మా పడమటి కొండల జాతివాళ్లు. హాఖా, ఫలాం, తెదిమ్, కొండకో మాట వాళ్లది. కొందరికి బర్మీ అంటే సైనికుల భాష. ఏ భాషయితే నయమో వాళ్లనే అడుగు. ఇంట్లో పిల్లల్ని మాత్రం దుబాసీలుగా నిలబెట్టకు. ఎందుకంటావా?

క్యాంపులో అక్షరం ముక్క వచ్చిన పిల్లని నేనే. ఏ కాగితమొచ్చినా మా పాక ముందుకే. ఎంత పొగరో నాకు! ఒకరోజు ఎదురుపాక పిన్ని కొడుక్కి ఉద్యోగం దరఖాస్తు పట్టుకొచ్చింది. వయసెంతన్నాను. "రంగూన్ మీద జపానోళ్లు బాంబులేసినప్పుడు నా కడుపులో ఉన్నాడమ్మా" అంది. బాంబులెప్పుడు పడ్డాయో నాకేం తెలుసు? యుద్ధం 1945లో అయిపోయిందని బళ్లో చదివానంతే. పక్కపాక తాతనడిగితే చిటికెలో చెప్పేవాడు. అడిగితే దీనికి రాదనుకుంటారని సిగ్గు. 1945 నుంచి లెక్కేసి పందొమ్మిదని రాసేశాను.

బాంబులు పడింది 1941 డిసెంబరులో. ఓడ కాగితం మీద సరైన ఏడే ఉంది. గుమాస్తా రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని, ఇతనూ అతనూ ఒకడేనని రుజువేటన్నాడు. రుజువిచ్చే ఊరు సముద్రానికి అవతలుండిపోయింది. ఆ ఉద్యోగం పోయింది. అతను రేవులో మూటలు మోశాడు, నలభై నిండకుండానే నడుం పట్టేసింది.

పిన్ని నన్నొక్క మాట అనలేదు. తర్వాత కూడా కాగితమొస్తే నా దగ్గరికే తెచ్చేది, ఊరికే రాదు, గిన్నెలో మోహింగా, అదే బర్మావాళ్ల చేపల పులుసు సేమియా, పోసుకుని మరీ వచ్చేది. తిట్టినా బాగుండేది. అరవై ఏళ్లయినా ఆ గిన్నె గుర్తొస్తే నాకు ముద్ద దిగదు.

కాబట్టి తెలీనిచోట ఖాళీ వదిలెయ్యవే. రాసింది మళ్లీ చదివి వినిపించు, వాళ్లు ఊఁ అన్నా ఇంకోసారి అడుగు. మొహమాటానికి ఊఁ అంటారు, మనవాళ్లలాగే. బర్మాలో ఇంటిపేర్లుండవు, తండ్రి పేరుకీ కొడుకు పేరుకీ పొంతనే ఉండదు. 'ఊ', 'డా' అనేవి మన 'గారు' లాంటివి, వాటిని పేర్లనుకుని ఫారంలో ఎక్కించేస్తే ఆ మనిషి జీవితాంతం తిరగాలి.

రాత్రిళ్లు మంచులో కారు తియ్యకు. అన్నం మానెయ్యకు. ఇంత మంచిపిల్లవి ఎలా పుట్టావే మీ అమ్మకి!

పార్సెల్‌లో ఎండురొయ్యలు, వేయించిన శనగపిండి పెట్టాను. మోహింగాకి పనికొస్తాయి. చిన్‌లు అది తింటారో లేదో, ముందు అడుగు. పెట్టె మీద నీ పేరు దగ్గరుండి రాయించాను. ఇంటిపేరు ముందా వెనకా అని కొరియర్ కుర్రాడితో పావుగంట గొడవైంది.

మీ అమ్మమ్మ