బియ్యం మిల్లులో మెయింటెనెన్స్ ఎక్కడ మొదలుపెట్టాలి? రాయగడ నుంచి నా జవాబు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. డిప్లొమా అయ్యాక ఒడిశాలో జయపురం దగ్గర ఉప్పుడు బియ్యం మిల్లులో మెయింటెనెన్స్ నీకు అప్పగించారు. చిన్నా పెద్దా కలిపి అరవై మోటార్లున్నాయి, రోజూ ఏదో ఒకటి ఆగుతోంది, ఓనరు గారు సాఫ్ట్‌వేర్ కొందామంటున్నారు, ముందు ఏం చెయ్యాలి అని అడిగావు. నవంబరులో ధాన్యం లారీలు దిగడం మొదలైతే ఊపిరాడదని టెన్షన్ పడుతున్నావు. ఆ టెన్షన్ నాకు బాగా తెలుసు.

నాది పార్వతీపురం. హెల్పర్‌గా చేరి, ఫిట్టరునై, ఇప్పుడు రాయగడ జిల్లాలో ఒక ప్లాంట్‌లో మెకానికల్ మెయింటెనెన్స్ చూస్తున్నాను. ఇరవై ఆరేళ్లయింది. సాఫ్ట్‌వేర్ ఎప్పటికీ వద్దనను, ఈ సీజన్‌కి మాత్రం వద్దు. ముందు నీ మిల్లులో పనివాళ్లు నోటితో చెప్పుకునేది కాగితం మీదికి వస్తోందో లేదో చూడు. మన ఆంధ్రా ఒడిశా సరిహద్దు జిల్లాల్లో అసలు చిక్కు అక్కడే ఉంది. నాకు జరిగింది చెప్తాను.

చేరిన మూడో ఏడు, జనవరిలో, రాత్రి రెండున్నర దాటాక బాయిలర్ ఐడీ ఫ్యాన్, అంటే బాయిలర్‌లోని పొగని బయటికి లాగే ఫ్యాన్, దాని బేరింగ్ పట్టేసింది. బేరింగ్‌తో పోలేదు, షాఫ్ట్ కూడా అరిగిపోయింది. బాయిలర్ ఆపేశారు. ప్లాంటు మళ్లీ లేచేసరికి మర్నాడు రాత్రి దాటింది. పొద్దున్న ఆఫీసులో రిజిస్టరు తీస్తే గత పది రోజులూ ఒకే మాట, ఇంగ్లీషులో: చూశాం, బాగానే ఉంది. ప్రతి షిఫ్టూ సంతకాలున్నాయి.

అప్పుడు గ్రీజు కొట్టే మౌసా బయట మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. అందరం ఆయన్ని మౌసా అనే పిలిచేవాళ్లం. ఒడియాలో పిన్ని భర్త అన్నమాట. ఆయన నన్ను పక్కకి పిలిచి చెప్పాడు. మూడు రోజుల నుంచి హౌసింగ్ (బేరింగ్ ఇనప తొడుగు) గొరొమ్‌గా, అంటే వేడిగా ఉంది, చెయ్యి పెట్టి పది లెక్కపెట్టలేకపోతున్నాను, షిఫ్ట్ ఇన్‌చార్జికి చెప్పాను అని. ఇన్‌చార్జి తెలుగాయన. విన్నాడో లేదో, విని అర్థం చేసుకున్నాడో లేదో ఈరోజుకీ నాకు తెలియదు. మౌసాకి ఇంగ్లీషు రాయడం రాదు, ఒడియాలో రాయడానికి ఆ రిజిస్టరులో చోటు లేదు. ఆ ప్లాంటులో ఆ బేరింగ్ సంగతి పైకి చెప్పిన ఒకే ఒక్క మనిషి ఆయన. ఆయన మాట మాత్రం ఎక్కడా నమోదు కాలేదు.

ఇంకా తవ్వితే అసలు కారణం తేలింది. ఫ్యాన్ వేడెక్కుతోందని మూడు షిఫ్టుల వాళ్లూ ఎవరికి వాళ్లు గ్రీజు కొట్టారు. ఒక్కొక్కరు పదిహేను స్ట్రోకులు. ఒకరు కొట్టిన సంగతి ఇంకొకరికి తెలియదు. తర్వాత నేను ఆ గ్రీజు గన్ తీసుకుని కిరాణా కొట్టు తూకం మీద చూశాను. పది స్ట్రోకులకి 14 గ్రాములు వచ్చింది. అంటే రోజుకి 63 గ్రాములు. బేరింగ్‌కి ఒక విడతకి ఎంత గ్రీజు కావాలో తేలిక లెక్క ఉంది: బయటి వ్యాసాన్ని వెడల్పుతో, రెండూ మిల్లీమీటర్లలో, గుణించి మళ్లీ 0.005తో గుణిస్తే గ్రాములు వస్తాయి. మాది 22220 బేరింగ్. వ్యాసం 180, వెడల్పు 46. లెక్క కడితే 41 గ్రాములు. అది కూడా రోజూ కాదు, తయారీదారు పట్టికలో చెప్పిన గంటలకి ఒకసారి. మేం మూడు రోజుల పాటు రోజూ దానికి ఒకటిన్నర రెట్లు కూరాం. గ్రీజు ఎక్కువైతే రోలర్లు దాన్ని చిలకడంలోనే వేడి పుడుతుంది. వేడికి గ్రీజులోని నూనె విడిపోతుంది, మిగిలింది గట్టిపడుతుంది. వేడెక్కిందని ఇంకా కొడతాం. గ్రీజు ఆయుష్షు 70 డిగ్రీలు దాటాక ప్రతి 15 డిగ్రీలకి సగం అవుతుందని గుర్తుపెట్టుకో.

ఆ వారమే పెద్ద యంత్రాల దగ్గర ఒక్కో రేకు డబ్బా వేలాడదీశాను. లోపల ఒక నోటుపుస్తకం, దారానికి కట్టిన పెన్సిలు. ఏ భాషలోనైనా రాయండి అన్నాను. రాయడం రానివాళ్లకి మూడు బొమ్మలు: శబ్దం తేడాగా ఉంటే చెవి, వేడి ఉంటే చెయ్యి, నూనో నీరో కారుతుంటే చుక్క. గ్రీజు కొడితే ఎన్ని స్ట్రోకులో అన్ని గీతలు. మౌసా మొదటి రోజే ఫీడ్ పంపు (బాయిలర్‌కి నీళ్లు తోసే పంపు) దగ్గర చెవి బొమ్మ గీశాడు. వెళ్లి స్క్రూడ్రైవర్ మొన హౌసింగ్ మీద పెట్టి, పిడి చెవికి ఆనించి వింటే నిజంగానే గరగర వస్తోంది. ఆదివారం ఆపి మార్చాం. గంటన్నర పని.

శనివారం సాయంత్రం కూర్చుని ఆ పుస్తకాలన్నీ చదివి, నేనే ఒక పెద్ద రిజిస్టరులోకి ఎక్కించేవాణ్ణి. ఒడియా లిపి నేర్చుకున్నది అలాగే. ఒక ఏడాది గడిచాక చూస్తే ఆగిన గంటల్లో ఎక్కువ భాగం పదిలోపు యంత్రాలవే. మేం మాత్రం అన్నిటి మీదా సమానంగా పరిగెడుతున్నాం.

కాబట్టి నువ్వు రేపు చేయాల్సింది ఇది. పెయింటు డబ్బా తీసుకుని బాయిలర్ నుంచి సార్టెక్స్ (రంగు తేడా ఉన్న బియ్యం ఏరే యంత్రం) వరకు నడువు. ప్రతి యంత్రానికీ, ప్రతి మోటారుకీ నంబరు వెయ్యి. ప్రతి దాని దగ్గరా ఆగి ఒక్కటే అడుగు: ఇది ఆగితే మిల్లు మొత్తం ఆగుతుందా, ఒక లైనే ఆగుతుందా, పక్కన స్టాండ్‌బై ఉందా? మీ లాంటి మిల్లులో మొదటి రకంలో బాయిలర్ ఫీడ్ పంపు, ఐడీ ఫ్యాన్, డ్రయ్యర్ బ్లోయర్, డ్రయ్యర్ ఎలివేటర్ ఉంటాయని అనుకుంటున్నాను. మొదట వాటికే డబ్బాలు పెట్టు. అరవైకీ ఒకేసారి పెడితే రెండో వారానికి ఎవరూ రాయరు.

ఐడీ ఫ్యాన్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మీది ఊక బాయిలర్. ఊక బూడిదలో ఎక్కువ భాగం సిలికా. ఇసుక కాగితంతో రుద్దినట్టు ఫ్యాన్ రెక్కల్ని తినేస్తుంది. అన్ని రెక్కలూ సమానంగా అరగవు, దాంతో బ్యాలెన్స్ పోయి అదురు మొదలవుతుంది. ఇంకో రకం కూడా ఉంది. రెక్కల వెనక బూడిద పేరుకుని, ఒకరోజు ఒక పెచ్చు ఊడిపోతుంది. నిన్నటిదాకా నిశ్శబ్దంగా తిరిగిన ఫ్యాన్ పొద్దున్నకల్లా ఊగిపోతుంది. అది చూసి బేరింగ్ మార్చేస్తారు, రోగం అలాగే ఉంటుంది. అదురు హఠాత్తుగా వస్తే ముందు తలుపు తీసి బూడిద గోకించు. మెల్లగా నెలల తరబడి పెరిగితే రెక్కల మందం కొలిపించు. వెల్డింగ్ పెట్టి రెక్క నింపితే బ్యాలెన్సింగ్ చేయకుండా ఎక్కించొద్దు.

వానాకాలం మిల్లు ఆగి ఉంటుంది కదా, మోటార్లు తేమ పీల్చుకునేది అప్పుడే. సీజన్ మొదలవడానికి పదిహేను రోజుల ముందే 500 వోల్టుల మెగ్గర్‌తో (వైండింగ్ ఇన్సులేషన్ కొలిచే మీటరు) అన్నీ చూడు. ఒక మెగా ఓమ్ కూడా చూపించని మోటారుకి కరెంటు ఇవ్వకు. టెర్మినల్ బాక్సు విప్పి, టార్పాలిన్ కప్పి లోపల బల్బులు వెలిగించి ఆరబెట్టు. మా దగ్గర దసరా ముందు ఆయుధపూజకి యంత్రాలు కడిగేస్తామంటారు. పసుపు కుంకుమలు పెట్టుకోండి, కొబ్బరికాయ కొట్టండి, మోటారు మీద మాత్రం నీళ్ల పైపు పెట్టనివ్వను. మూడు ఫేజుల వోల్టేజీ కూడా రోజూ రాయించు. ఫేజుల మధ్య తేడా 3.5 శాతం ఉంటే మోటారు వేడి దాదాపు 25 శాతం పెరుగుతుంది. వైండింగ్ కాలిపోయిందని మోటారుని తిట్టి లాభం లేదు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైంది. మనలాంటి చోట్ల ఇది తప్పకుండా తెలియాలి.

ఒకసారి స్క్రూ కన్వేయర్‌లో మా ఫిట్టరు మోకాళ్ల దాకా దిగి బ్లేడు సరిచేస్తున్నాడు. విజయనగరం వైపు కుర్రాడు. చిన్నగా ఒకసారి తిప్పి చూడమన్నాడు. ప్యానల్ దగ్గర ఉన్న ఒడియా ఆపరేటరు ఒక్క క్షణం తిప్పి ఆపాడు. ఇంక వద్దని కుర్రాడు లోపలి నుంచి "చాలు! చాలు!" అని అరిచాడు. మనకి చాలు అంటే ఇంక ఆపమని. ఒడియాలోనూ హిందీలోనూ చాలూ అంటే నడిపించమని. ఆపరేటరు బటన్ నొక్కేశాడు. నేను పక్కనే ఉండి కన్వేయర్ ఆపే తాడు లాగాను కాబట్టి ఆ కుర్రాడి చెప్పు పోయింది, కాలు మిగిలింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. ఇద్దరూ మంచి పనివాళ్లు, ఎవరి భాషలో వాళ్లు సరిగ్గానే అన్నారు, సరిగ్గానే విన్నారు.

ఆ మర్నాటి నుంచి మా దగ్గర నోటిమాట మీద యంత్రం తిప్పడం లేదు. లోపలికి దిగేవాడు ఐసోలేటర్ (యంత్రానికి కరెంటు తెంపే స్విచ్చి) ఆపి, తన తాళం తనే వేసి, తాళంచెవి తన జేబులో పెట్టుకుని దిగుతాడు. ఇద్దరు దిగితే రెండు తాళాలు. తిప్పి చూడాలంటే అందరూ బయటికి వచ్చి, తాళాలు తీసి, మూతలు పెట్టి, చేతి సైగతో తిప్పాలి. టైమ్ పడుతుంది, ఓనరు గారు విసుక్కుంటారు. పట్టనీ. మీ మిల్లులో తెలుగువాళ్లు, ఒడియావాళ్లు, దేశియా (కొరాపుట్ వైపు స్థానిక భాష) మాట్లాడేవాళ్లు, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చినవాళ్లు కలిసే ఉంటారు. ఒక డజను తాళాలు కొనడానికి ఎంత ఖర్చు? సాఫ్ట్‌వేర్ డబ్బులో అది లెక్కలోకే రాదు. ముందు అది కొనిపించు, దయచేసి.

ఇంకో విషయం. సీజన్ ముందు అన్నీ విప్పి మళ్లీ బిగించాలనే ఉత్సాహం వస్తుంది. నాకూ వచ్చేది. బాగా నడుస్తున్న పంపుల్ని షట్‌డౌన్‌లో విప్పి, లేచాక వాటితోనే వారం పాటు అవస్థ పడ్డాం. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఇంజనీర్లు 1978లో అమెరికా రక్షణ శాఖకి ఇచ్చిన నివేదిక చూస్తే, విమాన భాగాల్లో వయసు మీరి చెడేవి 11 శాతమే. 68 శాతం భాగాలకి కొత్తగా బిగించిన తొలిరోజుల్లోనే గండం ఎక్కువ. మిల్లు విమానం కాదు. రబ్బరు రోళ్లు, ఎలివేటర్ బకెట్లు, ఫ్యాన్ రెక్కలు అరిగేవే, వాటికి తేదీలు పెట్టుకుని మార్చు. కానీ వేడి లేదు, శబ్దం లేదు, కారడం లేదు అంటే ఆ బేరింగ్ హౌసింగ్ విప్పకు. విని చూడు, చెయ్యి పెట్టి చూడు, పుస్తకంలో రాయి, వదిలెయ్యి.

స్పేర్ల విషయంలో మనకి కొట్టు పక్కనే లేదు. బేరింగ్ అయిపోతే విశాఖ నుంచో రాయపూర్ నుంచో రావాలి. రాత్రి బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపించుకున్న రోజులు ఎన్నో ఉన్నాయి. మొదటి రకం యంత్రాలకి బేరింగ్‌లు, సీళ్లు, ఒక సెట్ వీ బెల్టులు స్టోర్లో ఉండితీరాలి. బెల్టులు సెట్‌గానే మార్చాలి, పాతవాటి మధ్య ఒక కొత్తది వేస్తే బరువంతా దాని మీదే పడుతుంది. మేకుకి వేలాడదీయొద్దు. బేరింగ్ కవరు బిగించే రోజు దాకా చింపొద్దు. ఒక గ్రీజు ఎంచుకుని దాన్నే వాడండి. లిథియం గ్రీజు మీద పాలీయూరియా గ్రీజు కొడితే రెండూ కలిసి పలచబడి కారిపోయే ప్రమాదం ఉంది.

బాయిలర్ సేఫ్టీ వాల్వు జోలికి ఎవర్నీ వెళ్లనివ్వకు, ఏటా జరిగే తనిఖీ సర్టిఫికెట్ గడువు గోడ మీద రాసిపెట్టు. ఆ విషయం ఓనరు గారికే బాగా తెలిసి ఉంటుంది.

ఓనరు గారితో ఇలా మాట్లాడు: ఈ సీజన్ పుస్తకాలు నడుపుతాను, ఏప్రిల్‌లో ఏ యంత్రం ఎన్ని గంటలు ఆగిందో, ఎందుకు ఆగిందో కాగితం చూపిస్తాను, అప్పుడు సాఫ్ట్‌వేర్ మాట్లాడుకుందాం. ఒప్పుకుంటారు. మిల్లు నడిపేవాళ్లకి గంట ఆగితే ఎంత పోతుందో లెక్క వేళ్ల మీద ఉంటుంది.

మీ మిల్లులో కూడా ఒక మౌసా ఉంటాడు. గ్రీజు డబ్బా పట్టుకుని తిరిగే మనిషి. రేపు పెయింటు డబ్బాతో నడిచేటప్పుడు ఆయన్ని వెంట తీసుకెళ్లు, నువ్వు తక్కువ మాట్లాడు. తిరిగొచ్చాక ఐడీ ఫ్యాన్ బేరింగ్ నంబరు, ఫ్యాన్ స్పీడు, మీ గ్రీజు గన్ పది స్ట్రోకుల తూకం ఇక్కడే రాయి. ఎన్ని స్ట్రోకులు, ఎన్ని గంటలకోసారి కొట్టాలో లెక్కకట్టి చెప్తాను.