వైరస్‌కి మందు లేదంటారు కదా, మరి అక్కికి ఈ బిళ్ల ఏమిటి?

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. నడుం కుడిపక్క అక్కి లేచి రెండు రోజులైంది. డాక్టరుగారు ఎసైక్లోవిర్ 800 బిళ్ల రోజుకు ఐదుసార్లు రాశారు. వైరస్‌కి మందు లేదంటారు కదా, ఇదెలా పనిచేస్తుంది? ఎర్రమట్టి పూత వేయించి నాలుగు రోజులు చూద్దామని అమ్మ అంటోంది.
- ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: ముందు బిళ్ల వేయించండమ్మా, తర్వాత ఇది చదవండి. పొక్కులు లేచిన 72 గంటల్లోపు మొదలుపెడితే దీని ఫలితం బాగుంటుంది. మా అమ్మకీ ఇలాగే పూత వేయించి, ఐదో రోజుకి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. పొక్కులు మానాయి గానీ మంట ఏడాది పైనే ఉంది. చీర చెంగు తగిలినా ఉలిక్కిపడేది. అప్పటికే నేను కాలేజీలో మైక్రోబయాలజీ పాఠాలు చెబుతున్నాను!

చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ వైరసే నరాల మొదట్లో దాక్కుని ఇన్నేళ్లకు లేస్తే అది అక్కి. వైరస్ మన కణంలో దూరి, మన సరుకుతోనే పిల్లల్ని పెడుతుంది. దాన్ని కొట్టబోతే దెబ్బ మనకే తగిలేది, చిక్కంతా అక్కడే. ఎసైక్లోవిర్ మాత్రం మామూలు కణంలో ఊరికే పడి ఉంటుంది. దానికి మూడు ఫాస్ఫేట్లు తగిలితేనే పని. మొదటిది తగిలించేది వైరస్ సొంత ఎంజైము, థైమిడిన్ కైనేజ్. మిగతా రెండూ మన కణమే తగిలిస్తుంది. అప్పుడది డీఎన్‌ఏ దండలో గుచ్చే అసలు పూసలాగే కనబడుతుంది. వైరస్ గుచ్చేసుకుంటుంది. తీరా చూస్తే దానికి అవతలివైపు బెజ్జం లేదు. తర్వాతి పూస ఎక్కదు, దండ ఆగిపోతుంది.

ఈ గుట్టు విప్పి 1977లో ప్రచురించింది అమెరికాలోని బరోస్ వెల్‌కమ్ ల్యాబ్‌లో గెర్ట్రూడ్ ఎలియన్ బృందం. ఆడపిల్లకి రిసెర్చి ఉద్యోగం ఎవరూ ఇవ్వని రోజుల్లో ఆవిడ ఊరగాయల పులుపు పరీక్షించే పని కూడా చేసింది. పీహెచ్‌డీ పూర్తి చేయలేదు, 1988లో నోబెల్ వచ్చింది. ఆ బహుమతి పంచుకున్న జార్జి హిచింగ్స్ హార్వర్డ్‌లో చదువుకున్నది మన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు పనిచేసిన ల్యాబ్‌లోనే. ఆయనది భీమవరం. మీరు తణుకు నుంచి రాశారు కాబట్టి చెప్పకుండా ఉండలేకపోయాను.

ఐదుసార్లు ఎందుకంటే, మింగినదాంట్లో ఐదో వంతు కూడా రక్తంలోకి చేరదు. చేరిందీ మూడు గంటల్లో సగమైపోతుంది. రాత్రి పడుకునే ముందు వేసే బిళ్ల మానేయకండి. ఇది కిడ్నీల ద్వారా పోతుంది, నీళ్లు బాగా తాగించండి. కిడ్నీ జబ్బుంటే డాక్టరుకి చెప్పండి, మోతాదు తగ్గిస్తారు. నరంలో దాక్కున్న వైరస్‌ని మాత్రం ఈ మందు ఏమీ చేయలేదు.

పొక్కులు ఎండి చెక్కు కట్టేదాకా ఆటలమ్మ రాని పిల్లల్ని, గర్భిణుల్ని నాన్నగారి దగ్గర పడుకోనివ్వకండి.