ఆగిపోయిన ఆపరేషన్ల జాబితా చూసుకునే డాక్టరుకు

అమ్మా, ఆశీస్సులు.

మహమ్మారి వేళ సర్జరీ విభాగం బాధ్యత నీ మీద పడింది కాబట్టి రాస్తున్నాను. ‘ఎలెక్టివ్’ ఆపరేషన్ అంటే ముందుగా తేదీ వేసుకుని చేసేదని అర్థం. చేయకపోయినా నడుస్తుందని కాదు. 2020లో కోవిడ్ ఉద్ధృతంగా ఉండే 12 వారాల్లోనే ప్రపంచవ్యాప్తంగా 2.84 కోట్ల ఆపరేషన్లు ఆగిపోతాయని సర్జన్లు అంచనా కట్టారు.

థియేటర్ ఖాళీగానే ఉంటుంది. మత్తు ఇచ్చే డాక్టర్లు, వెంటిలేటర్లు ఐసీయూకి వెళ్లిపోతారు. మత్తునిచ్చే ప్రొపొఫాల్, కండరాలను సడలించే అట్రాక్యూరియం లాంటి మందులు అక్కడే అయిపోతాయి. రక్తదాతలు రాక బ్లడ్ బ్యాంకు అడుగంటుతుంది. రోజూ పొద్దున్నే ఈ నాలుగూ లెక్క చూడు. ఏది తక్కువుంటే ఆ రోజు కేసుల సంఖ్య దాన్నిబట్టే.

పేరు నమోదైన తేదీని బట్టి జాబితా నడపకు. 24 గంటలు, 72 గంటలు, 4 వారాలు, 3 నెలలు, ఆపైన: ఎవరు ఎంతకాలం ఆగగలరో చూసి విడదీయి. క్యాన్సర్ సర్జరీ 4 వారాలు ఆలస్యమైతే మరణించే ముప్పు 6 నుంచి 8 శాతం పెరుగుతుంది.

కోవిడ్ వచ్చి తగ్గినవారికి ఆగగలిగిన ఆపరేషనైతే 7 వారాలు ఆగమన్నది 2021 నాటి సలహా. ఆయాసం ఇంకా ఉంటే మరికొంత ఆగాలి. 2020 తొలి నెలల్లో ఆపరేషన్‌కు కాస్త ముందో, తర్వాతో కోవిడ్ ఇన్ఫెక్షన్ తేలినవారిలో సగం మందికి ఊపిరితిత్తుల సమస్యలొచ్చాయి, 30 రోజుల్లో దాదాపు 24 శాతం చనిపోయారు. పేగు చిల్లుపడినవారికి మాత్రం ఈ లెక్క వర్తించదు, వెంటనే కోయాల్సిందే.

గాలిలోని తుంపరలు పోవాలని కేసుకీ కేసుకీ మధ్య ఊరికే గంట ఆగే అలవాటు కోవిడ్ కాలంలో చాలాచోట్ల ఉండేది. థియేటర్లో గాలి గంటకు ఎన్నిసార్లు మారుతుందో ఇంజనీరుతో కొలిపించు. 15 సార్లయితే గాలిలోని తుంపరలు 99 శాతం పోవడానికి 18 నిమిషాలు చాలు, 6 సార్లయితే 46 పడుతుంది. రోజుకో కేసు అదనంగా చేయగలిగేది ఇక్కడే.

ఎదురుచూసేవాళ్లకు వారానికోసారి ఫోన్ చేయించు. హెర్నియా ఉబ్బు లోపలికి పోవడం మానేసి నొప్పి, వాంతులు మొదలైతే అదే రోజు రమ్మనాలి. పిత్తాశయంలో రాళ్లున్నవారికి జ్వరమో కామెర్లో వస్తే 3 నెలల వరుస నుంచి ముందుకు తేవాలి. భయపడి ఇంట్లోనే ఉండిపోతే అపెండిక్స్ పగిలాక వస్తారు. ఆ ఫోన్ గుమాస్తా చేత చేయించకు. మాటల్లోనే లక్షణం పసిగట్టగల సర్జికల్ వార్డు నర్సు చేయాలి.