అల్ట్రాసౌండ్ క్యాప్సూల్ వచ్చేదాకా ఆగవచ్చా?

ప్రశ్న: మాది తెనాలి. మా అమ్మగారి వయసు 58. హిమోగ్లోబిన్ 7 దాటడం లేదు. ఆరు నెలల్లో రెండుసార్లు రక్తం ఎక్కించారు. ఎండోస్కోపీ, కొలనోస్కోపీ రెండింటిలోనూ ఏమీ కనిపించలేదు. ఇప్పుడు క్యాప్సూల్ ఎండోస్కోపీ చేయించమంటున్నారు. కెమెరాకు బదులు అల్ట్రాసౌండ్ ఉండే క్యాప్సూల్ వస్తోందని, దానితో పేగు పొరలు కూడా కనిపిస్తాయని చదివాను. అది వచ్చేదాకా ఆగితే మంచిదా? అమ్మ మోకాళ్ల నొప్పులకు చాలాకాలంగా మాత్రలు వాడుతున్నారు. ఈ మధ్య భోజనం చేశాక బొడ్డు చుట్టూ మెలిపెట్టినట్లు ఉంటోందని అంటున్నారు.
– ఒక పాఠకుడు

జవాబు: ఆగకండి. రెండుసార్లు రక్తం ఎక్కించాల్సి వచ్చిందంటే ఎక్కడో కారుతూనే ఉందని అనుమానించాలి. పైనుంచి వెళ్లే ఎండోస్కోపీ చిన్నపేగు మొదలు దగ్గరే ఆగిపోతుంది, కింది నుంచి వెళ్లే కొలనోస్కోపీ దాని చివరి కొస దాకా మాత్రమే చేరుతుంది. మధ్యలో మీటర్ల కొద్దీ చిన్నపేగు ఎవరూ చూడకుండానే మిగిలిపోతుంది. కెమెరా క్యాప్సూల్ పుట్టిందే ఆ ఖాళీ కోసం. అమెరికాలో దానికి 2001లో అనుమతి వచ్చింది. పొడవు సుమారు 26 మిల్లీమీటర్లు, మందం 11. నీళ్లతో మింగితే ఎనిమిది గంటలో, అంతకంటే ఎక్కువో ఫొటోలు తీస్తూ పోయి, చివరికి మలంతో బయటికి వచ్చేస్తుంది.

మీరు చదివింది అబద్ధం కాదు. కెమెరాకు కనిపించేది పేగు లోపలి చర్మం ఒక్కటే. గడ్డ ఆ చర్మం కింద, కండరపు పొరలో దాగి ఉంటే చాలాసార్లు చిన్న ఉబ్బుగా తప్ప తెలియదు. పేగులకు దీర్ఘకాలం వాపు వచ్చే క్రోన్స్ జబ్బులో ఆ వాపు గోడ మందమంతా పాకుతుంది. ధ్వని తరంగాలు ఆ పొరలను విడివిడిగా చూపించగలవు. అయితే ధ్వనికి గాలి అంటే పడదు. పొట్టకు స్కానింగ్ చేసేటప్పుడు చల్లని జెల్ రాసేది చర్మానికీ ప్రోబ్‌కూ (పొట్టపై ఆనించే పరికరానికీ) మధ్య గాలి చేరకుండానే. పేగులో గాలి ఉంటుంది, క్యాప్సూల్‌ను గోడకు ఆనించి పట్టుకునే చెయ్యి ఉండదు. బ్రిటన్‌లో గ్లాస్గో, లీడ్స్ విశ్వవిద్యాలయాల వారు పాలుపంచుకున్న ‘సోనోపిల్’ అనే అల్ట్రాసౌండ్ క్యాప్సూల్‌ను బయటి నుంచి అయస్కాంతంతో నడిపారు. 2019లో దాని ఫలితాలు వెలువడ్డాయి, ప్రయోగం పందుల మీద జరిగింది. అప్పటి క్యాప్సూల్ మందం 21 మిల్లీమీటర్లు, పొడవు 39. ఇప్పుడు మింగుతున్న దానికి దాదాపు రెట్టింపు మందం! ఆ పని మీద నాకు ఎంతో ఆశ ఉంది. కానీ మీ అమ్మగారి రక్తం దాని కోసం ఎదురుచూడలేదు.

మీ ఉత్తరంలో నన్ను ఆపినవి చివరి రెండు వాక్యాలు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు కడుపులోనే కాదు, చిన్నపేగులోనూ పుండ్లు చేస్తాయి. ఆ పుండ్లు మానేటప్పుడు కొందరిలో పేగు లోపల సన్నని పొరలాంటి వలయాలు ఏర్పడి దారిని ఇరుకు చేస్తాయి. మన దేశంలో పేగు క్షయ వల్ల కూడా అలాంటి ఇరుకులు చూస్తుంటాం. తిన్నాక మెలిపెట్టే నొప్పి దానికి సూచన కావచ్చు. దారి ఇరుకైతే క్యాప్సూల్ అక్కడే ఇరుక్కోవచ్చు, ఒక్కోసారి ఆపరేషన్ చేసి తీయాల్సి వస్తుంది. ఎంతో మంది రోగులు ఈ నొప్పిని ‘గ్యాస్’ అనుకుని డాక్టరుకు చెప్పరు. మీరు మాత్రం తప్పకుండా చెప్పండి. అవసరమనిపిస్తే ఆయన ముందుగా పేగులకు సీటీ ఎంటరోగ్రఫీ (చిన్నపేగును చూపే సీటీ స్కాన్) తీయిస్తారు, లేదా కొన్ని రోజుల్లో దానంతటదే కరిగిపోయే ఉత్తుత్తి క్యాప్సూల్ మింగించి దారి ఎలా ఉందో చూస్తారు. మాత్రల చీటీలన్నీ తీసుకెళ్లండి, మందుల షాపులో అడిగి కొన్నవి కూడా. నొప్పికి ఆ మాత్రల బదులుగా ఏమి వాడాలో ఆయననే అడగండి.

ఐరన్ మాత్రలు వాడుతుంటే పరీక్షకు కొన్ని రోజుల ముందు ఆపమంటారు. అవి పేగు గోడను నల్లగా కప్పి బొమ్మలను పాడుచేస్తాయి. వాటి వల్ల మలం కూడా నల్లబడుతుంది, దానికి కంగారు అక్కర్లేదు. కానీ తారులా జిగటగా, దుర్వాసనతో వచ్చినా, లేచి నిలబడితే కళ్లు తిరిగినా అపాయింట్‌మెంటు దాకా చూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. క్యాప్సూల్ మింగాక అది బయటికి వచ్చిందని తేలేవరకు ఎంఆర్ఐ తీయించకూడదు. ఆ రోజుల్లో వాంతులై పొట్ట ఉబ్బితే క్యాప్సూల్ మింగిన సంగతే ముందుగా చెప్పండి.