ఎడారి రాష్ట్రమైన అరిజోనా 1940 తర్వాత అంత వేగంగా ఎలా పెరిగింది? ఏసీల వల్లేనా?

ఏసీ లేకపోతే అరిజోనా రాజధాని ఫీనిక్స్ లేదని ఇక్కడ చాలామంది అంటారు. మీరూ అదే అడిగారు. నేను ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్‌లో చాలా ఏళ్లుగా ఉంటున్నాను. ఎండ 45 డిగ్రీలు దాటిన రోజున నాకూ అదే నిజమనిపిస్తుంది. కానీ ఏసీ వచ్చిన జనాన్ని ఉండనిచ్చింది, అంతే. వాళ్లను రప్పించింది యుద్ధం, ప్రభుత్వం డబ్బు. నిలబెట్టింది నీళ్లు.

1940లో రాష్ట్రం మొత్తం జనాభా 5 లక్షలు కూడా లేదు. 1960కల్లా 13 లక్షలైంది. అదే ఇరవై ఏళ్లలో ఫీనిక్స్ 65 వేల నుంచి 4 లక్షల 39 వేలకు చేరింది. చుట్టుపక్కల ప్రాంతాలను వరసగా నగరంలో కలిపేసుకోవడం కూడా ఇందుకు ఒక కారణం.

రెండో ప్రపంచ యుద్ధంలో పైలట్ల శిక్షణకు ఏడాదంతా మబ్బుల్లేని ఆకాశం కావాల్సొచ్చి ల్యూక్, విలియమ్స్ వైమానిక స్థావరాలు ఇక్కడ పెట్టారు. యుద్ధం అయ్యాక, ఆ రోజుల్లో ఇక్కడ పనిచేసిన సైనికుల్లో చాలామంది తిరిగొచ్చి స్థిరపడ్డారు. 1949లో మోటరోలా సైనిక ఎలక్ట్రానిక్స్ పరిశోధన కోసం ఫీనిక్స్‌లో ల్యాబ్ తెరిచింది, తర్వాత సెమీకండక్టర్లలోకి దిగింది. 1980లో ఇంటెల్ చాండ్లర్‌లో ఫ్యాక్టరీ మొదలుపెట్టేనాటికే ఆ పని తెలిసినవాళ్లు ఈ ప్రాంతంలో ఒక తరం నుంచీ ఉన్నారు. మా ఊళ్లో ఇంతమంది తెలుగువాళ్లు కనిపించడానికి పునాది అక్కడే పడిందని నా అభిప్రాయం.

మా వీధిలో 1950ల్లో ఇక్కడే పెరిగిన ఒక పెద్దావిడ ఉన్నారు. వాళ్లింట్లో మొదట ఉన్నది మన కూలర్ లాంటిదేనట. జులై, ఆగస్టుల్లో వానగాలులొచ్చి తేమ పెరిగితే అది పనిచేసేది కాదు, తడి దుప్పట్లు కప్పుకుని ఆరుబయట పడుకునేవారట. అప్పటికే ఊరు జోరుగా పెరుగుతోంది!

ఇక నీళ్ల సంగతి. సాల్ట్ నది మీద 1911లోనే రూజ్‌వెల్ట్ డ్యామ్ కట్టారు. అది చాలక బోర్లు వేసి భూగర్భజలం విపరీతంగా తోడేశారు. మిగిలింది కొలరాడో నది. ఆ నీటి కోసం అరిజోనా 1952లో కాలిఫోర్నియా మీద సుప్రీంకోర్టులో కేసు వేసింది. తీర్పు రావడానికి 11 ఏళ్లు పట్టింది. 1963లో అరిజోనా వాటా ఏడాదికి 28 లక్షల ఎకరా-అడుగులని తేలింది, అంటే సుమారు 122 టీఎంసీలు. కాలిఫోర్నియాకి దాదాపు 192. కృష్ణా ట్రిబ్యునల్ వార్తలు చదువుతూ పెరిగినవాళ్లకి ఈ టెన్షన్ వేరే చెప్పక్కర్లేదు.

వాటా తేలినంత మాత్రాన నీళ్లు ఊళ్లోకి రావు కదా. సెనెటర్ కార్ల్ హేడెన్ ఏళ్ల తరబడి పట్టుబట్టిన సెంట్రల్ అరిజోనా ప్రాజెక్టు చట్టం మీద 1968లో అధ్యక్షుడు జాన్సన్ సంతకం పెట్టారు. కాలువ పొడవు 336 మైళ్లు. కొలరాడో నది నుంచి అరిజోనాలోనే ఉన్న టూసాన్ నగరం దాకా నీటిని దాదాపు 2,900 అడుగుల ఎత్తుకు పంపులతో ఎత్తిపోయాలి. అది పూర్తయ్యేసరికి 1993 వచ్చింది. ఆ పంపులకు 2019 దాకా కరెంటు ఎక్కువగా నవాహో అనే ఆదివాసీ తెగ నేలమీద కట్టిన బొగ్గు ప్లాంటు నుంచే వచ్చేది.

ఈ అభివృద్ధి కథ చెప్పేవాళ్లు తరచూ వదిలేసే సంగతి ఒకటుంది, నాకు అదే ముఖ్యం. చాండ్లర్‌ని ఆనుకునే గిలా నది ఆదివాసీ తెగల రిజర్వేషన్ (వాళ్లకు కేటాయించిన నేల) ఉంది. అక్కడి అకిమెల్ ఓధమ్ ప్రజలు శతాబ్దాలుగా కాలువలతో వ్యవసాయం చేసినవాళ్లు. 19వ శతాబ్దం చివర్లో ఎగువన వలసదారులు నదిని మళ్లించుకోవడంతో వాళ్ల పొలాలు ఎండిపోయాయి, ఆకలి చావులు చూశారు. 1942లో ప్రభుత్వం వాళ్లు వద్దంటున్నా అదే నేలమీద జపనీస్ అమెరికన్ల నిర్బంధ శిబిరం కట్టింది. నగరం పెరుగుతున్న ఆ దశాబ్దాలన్నీ వాళ్లు నీళ్ల కోసం కోర్టుల చుట్టూ తిరిగారు. చివరికి 2004లో చట్టం చేసి వాటా ఇచ్చారు. ఆ నీళ్లలో పెద్ద భాగం ఇప్పుడు సెంట్రల్ అరిజోనా కాలువ నుంచే వస్తోంది.