అమ్మకు జబ్బు పేరు చెప్పాలా, వద్దా?

ప్రశ్న: మా అమ్మకు 54 ఏళ్లు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్, 2బి దశ అన్నారు. ఆపరేషన్‌తో పోయేది కాదని, కీమో, రేడియేషన్ రెండూ కలిపి ఇవ్వాలని డాక్టరు చెప్పారు. వచ్చే సోమవారం విశాఖపట్నంలో మొదలు. నాన్న, అన్నయ్య అమ్మకు క్యాన్సర్ అని చెప్పనివ్వడం లేదు. ఆ పేరు వింటే అమ్మ గుండె ఆగిపోతుందని నాన్న అంటున్నారు. ‘గర్భసంచిలో పుండు, కరెంటు పెడితే మానిపోతుంది’ అని చెప్పాం. ‘పుండుకు వారం వారం సెలైన్ ఎందుకే?’ అని అమ్మ అడుగుతుంటే నాకు మాట రావడం లేదు. వదిన అమ్మ కంచం, గ్లాసు వేరుగా పెడుతోంది. పుస్తెలతాడు తీసేయమంటారేమోనని అమ్మకు ఇంకో బెంగ. సెలవు పెట్టి అమ్మ వెంట ఉండేది నేనే. ఏం చేయమంటారు?
– ఒక కూతురు, అనకాపల్లి జిల్లా

జవాబు: చెప్పండమ్మా. సోమవారం లోపే చెప్పండి.

రేడియేషన్ గది బయట బెంచీల మీద కూర్చున్నవాళ్లు ఏం మాట్లాడుకుంటారో నేను ఏళ్ల తరబడి వింటున్నాను. కొత్తగా వచ్చిన మనిషి కూర్చోగానే పక్కనున్నావిడ అడిగే మొదటి మాట, ‘మీకు ఎక్కడమ్మా?’ అని. ‘నాకు రొమ్ములో’, ‘మా ఆయనకు గొంతులో’ అంటూ ఎవరి సంగతి వాళ్లు చెప్పుకుంటారు. అందులో దురుద్దేశం ఏమీ ఉండదు, తోడు వెతుక్కోవడమే. కానీ మీ అమ్మగారికి జబ్బు పేరు ఆ బెంచీ మీద, ముక్కూ మొహం తెలియని మనిషి నోట తెలుస్తుంది. ఆ రోజు ఆమెను కుంగదీసేది క్యాన్సర్ అన్న మాట ఒక్కటే కాదు, ఇంట్లో అందరికీ తెలిసి తనకు మాత్రం చెప్పలేదన్న సంగతి కూడా. ఆ తర్వాత ‘తగ్గుతుందమ్మా’ అని మీరు నిజంగానే అన్నా ఆమె నమ్మదు.

ఇంకో కారణం ఉంది. ఈ చికిత్స ఆమెకు తెలియకుండా చేయించగలిగేది కాదు, సగం ఆమె చేతుల్లోనే ఉంటుంది. సాధారణంగా సోమవారం నుంచి శుక్రవారం వరకు రోజూ, ఐదు వారాల పాటు 25 సార్లు రేడియేషన్ ఇస్తారు. చాలా చోట్ల మూత్రం పోసి రమ్మని, చెప్పినన్ని నీళ్లు తాగించి, మూత్రసంచి నిండే దాకా కూర్చోబెడతారు. అది నిండితే పేగులు పైకి జరిగి, వాటి మీద రేడియేషన్ తక్కువ పడుతుంది. ఒంటి మీద పెట్టిన గుర్తులు చెరిగిపోకుండా స్నానం చేయాలి. మిషను కింద కొద్ది నిమిషాలు కదలకుండా ఒంటరిగా పడుకోవాలి. నొప్పి ఉండదు, షాక్ కొట్టదు. కరెంటు అన్న మాట విని చాలామంది ఆ భయంతోనే వస్తారు, కాబట్టి ఇది ఆమెకు విడిగా చెప్పండి. బయట ఉన్న సిబ్బంది కెమెరాలో చూస్తూనే ఉంటారు, ఆమె చెయ్యి ఎత్తితే ఆపి లోపలికి వస్తారు.

వారానికో రోజు కీమో. ఎక్కువగా ఇచ్చేది సిస్‌ప్లాటిన్ అనే మందు. రేడియేషన్ దెబ్బ తిన్న క్యాన్సర్ కణాలు తిరిగి కోలుకోకుండా అది అడ్డుపడుతుంది. అందుకే రెండూ ఒకేసారి ఇస్తారు. ఈ జబ్బుకు ఇలా కలిపి ఇవ్వడం మేలని 1999లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ వైద్యులకు ప్రత్యేకంగా సూచన పంపింది. మన దేశంలోనూ దాన్ని పరీక్షించి చూశారు. ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రి 3బి దశలో ఉన్న 850 మంది మహిళలపై జరిపిన అధ్యయన ఫలితాలు 2018లో వచ్చాయి. రేడియేషన్ ఒక్కటే తీసుకున్నవారిలో ఐదేళ్ల తర్వాత జీవించి ఉన్నవారు 46 శాతం. రెండూ కలిపి తీసుకున్నవారిలో 54 శాతం. మీ అమ్మగారిది అంతకన్నా ముందు దశ. మీ నాన్నగారికి ఈ మాట చెప్పండి. క్యాన్సర్ పేరు చెబితే ఆవిడ గుండె ఆగిపోతుందని ఆయన అంటున్నది నిజానికి ఆయన గుండె గురించేనని నాకు అనిపిస్తోంది.

ఎలా చెప్పాలంటారా? శనివారమో ఆదివారమో, వంట పనులు అయిపోయి ఇల్లు కాస్త సద్దుమణిగాక పక్కన కూర్చోండి. ముందు మీరు చెప్పకండి, అడగండి: ‘అమ్మా, నీకేమనిపిస్తోంది, ఇదేం జబ్బనుకుంటున్నావు?’ అని. సెలైన్ గురించి అడిగిన మనిషి సగం గ్రహించే ఉంటారు. ‘అదేనా?’ అని ఆమే అంటే, ‘అదేనమ్మా, క్యాన్సరే. మందు ఉంది. నయం చేయాలనే ఈ వైద్యం ఇస్తున్నారు. రోజూ నేను నీ వెంటే వస్తాను’ అనండి. అంతకు మించి ఆ పూట అక్కర్లేదు. ఏడిస్తే ఏడవనివ్వండి, ‘ఏడవకు’ అనవద్దు. ‘నేనేం పాపం చేశానే’ అంటారు, దాదాపు అందరూ అంటారు. ఇది ఎక్కువగా హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వస్తుందని, అది ఎంతో మందికి సోకి తనంతట తానే పోతుందని, కొందరిలో మాత్రం ఏళ్ల తరబడి ఉండిపోయి ఇలా మారుతుందని చెప్పండి. ఇందులో ఎవరి పాపమూ లేదు, ఎవరి నడతనూ తవ్వాల్సిన పని లేదు.

మీ వదినగారితో గట్టిగా మాట్లాడాల్సింది మీ అన్నయ్య. క్యాన్సర్ అంటుకోదు. బయటి నుంచి ఇచ్చిన రేడియేషన్ ఒంట్లో మిగిలిపోదు, మనవలు ఒళ్లో కూర్చోవచ్చు. వేరుగా పెట్టిన ఆ గ్లాసు ఆమె కంట పడకముందే తీసేయించండి.

ఇక మిమ్మల్ని ఎక్కువగా హెచ్చరించాల్సింది మూడో వారం గురించి. మొదటి పది రోజులు ‘ఇంతేనా’ అనిపిస్తుంది. తర్వాత విరేచనాలు, మూత్రంలో మంట, వాంతులు, లేవలేనంత నీరసం మొదలవుతాయి. ‘ఇక నా వల్ల కాదు, ఇంటికి పోదాం’ అనే మాట అప్పుడే వస్తుంది. చాలా కుటుంబాలు పండగకో, పెళ్లికో అని ఊరికి వెళ్లి అక్కడే ఆగిపోవడం నేను చూశాను. ఆ ఖాళీలో గడ్డ మళ్లీ బలం పుంజుకుంటుంది. ఐదు వారాల తర్వాత గర్భాశయ ముఖద్వారం దగ్గర పరికరం పెట్టి ఇచ్చే లోపలి రేడియేషన్‌తో సహా మొత్తం ఎనిమిది వారాల్లో పూర్తి కావాలని డాక్టర్లు పట్టుబట్టేది ఇందుకే. ఓఆర్ఎస్, మజ్జిగ, మెత్తటి పెరుగన్నం ఇస్తూ ఉండండి, ఆవకాయ కొన్నాళ్లు పక్కన పెట్టండి. జ్వరం వస్తే, మూత్రం తగ్గితే, చెవుల్లో హోరు వినిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి ఫోన్ చేయండి. ఎవరో ఇచ్చారని పసరు మందులు మాత్రం వేయకండి. సిస్‌ప్లాటిన్ అసలే మూత్రపిండాల మీద భారం మోపే మందు.

మీరొక్కరే ఎనిమిది వారాలు నెట్టుకు రాలేరు. వారంలో రెండు రోజులైనా అన్నయ్యను రమ్మనండి.

పుస్తెలతాడు సంగతి. రేడియేషన్ పడేది పొత్తికడుపు మీద. మెడలో ఉన్నది దానికి అడ్డు రాదు, కాబట్టి రోజువారీ రేడియేషన్‌కు సాధారణంగా తీయమనరు. ఎమ్మారై స్కానింగ్‌కు, మత్తు ఇచ్చి చేసే లోపలి రేడియేషన్‌కు తీయమనవచ్చు. ఆ రోజు కోసం పసుపు తాడుకు పసుపు కొమ్ము కట్టి సిద్ధంగా ఉంచండి. దాన్ని ఆమె మెడలో మీ నాన్నగారి చేతే కట్టించండి.