కామెడీయే కదా, ఎవరు చేస్తే ఏంటి?

ప్రశ్న: మేడమ్, నెట్‌ఫ్లిక్స్‌లో 'వన్ డే ఎట్ ఎ టైమ్' చూస్తున్నాను, లాస్ ఏంజిలస్‌లో ఉండే క్యూబా కుటుంబం కథ, చాలా నచ్చింది. మా ఆఫీసులో చెప్తే "కామెడీయే కదా, నవ్వొస్తే చాలు, లాటినా (క్యూబా, మెక్సికో లాంటి లాటిన్ అమెరికా దేశాల మూలాలున్న ఆడవాళ్ల) పాత్రలు వాళ్లే చెయ్యాలి వాళ్లే రాయాలని ఈ గోలంతా ఎందుకు" అంటున్నారు. మీరేమంటారు?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: గుంటూరు, బెజవాడ వాళ్లం మనకి ఆ డౌట్ రావడం సహజమేనండీ, ఎందుకంటే ఆ లోటు మనం ఎప్పుడూ పడలేదు. మన సినిమాల్లో చాలాకాలం హీరో మాట్లాడింది దాదాపు మన మాటే, నవ్వించడానికి మాత్రం తెలంగాణ యాసో శ్రీకాకుళం యాసో పెట్టేవాళ్లు, సీమ మాట వినపడితే కత్తులూ బాంబులే. ఇంట్లో అమ్మ మాట్లాడే మాటని తెరమీద పనివాడికో రౌడీకో ఇచ్చి హాలంతా నవ్వుతుంటే ఎలా ఉంటుందో, మీ ఆఫీసులో వరంగల్ వాళ్లో పలాస వాళ్లో ఉంటే ఒకసారి అడగమనండి.

అక్కడ లాటినాలదీ అదే బాధ. 2020 జనాభా లెక్కల ప్రకారం అమెరికాలో లాటినోలు 6 కోట్ల 20 లక్షల పైనే, అంటే ఐదుగురిలో దాదాపు ఒకరు, కానీ టీవీలో వాళ్ల ఆడవాళ్లకి ఎక్కువగా దొరికింది పనిమనిషి వేషం, లేదంటే వచ్చీరాని ఇంగ్లీషులో అరిచే అందగత్తె వేషం. నటి రీటా మొరెనోనే చూడండి, పుట్టిందే క్యూబా లాగే కరీబియన్ దీవి అయిన ప్యూర్టోరికోలో, 1961లో 'వెస్ట్ సైడ్ స్టోరీ' సినిమాలో ప్యూర్టోరికో అమ్మాయిగా వేస్తే ఆవిడకే ముదురు రంగు మేకప్ పూశారు! ఆ పాత్రకి ఆస్కార్ కూడా వచ్చింది, కానీ ఆ రంగు ఎంత బాధపెట్టిందో ఆవిడ తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పుకొచ్చింది.

ఆవిడే 2017లో మీరు చూస్తున్న సీరియల్లో అమ్మమ్మ లిడియా. నిజానికి ఆవిడా, లిడియా కూతురు పెనెలోపీగా చేసిన జస్టినా మచాడో కూడా ప్యూర్టోరికో మూలాల వాళ్లే, క్యూబా వాళ్లు కాదు. అయినా ఆ ఇల్లు అంత నిజంగా ఉందంటే కారణం, సీరియల్ నడిపించినవాళ్లలో గ్లోరియా కాల్డెరోన్ కెలెట్ ఉంది, ఆవిడ అమ్మానాన్నలు క్యూబా నుంచి వచ్చినవాళ్లు. అందుకే నేనైతే నటి ఎవరని అడిగేముందు రాసింది ఎవరని అడుగుతాను. లిడియా చిన్నప్పుడు అమ్మానాన్నల్ని వదిలి క్యూబా పిల్లల్ని ఒంటరిగా అమెరికా పంపిన పెడ్రో పాన్ అనే ఏర్పాటు కింద అమెరికా వచ్చిందని కథలో ఉంటుంది చూశారా, 1960-62 మధ్య నిజంగానే 14 వేలకి పైగా పిల్లలు క్యూబా నుంచి అలా వచ్చారు, బయటివాళ్లు రాసుంటే ముసలావిడ డాన్స్ మీద రెండు జోకులేసి వదిలేసేవాళ్లు. 2019లో మూడు సీజన్లకే నెట్‌ఫ్లిక్స్ ఆపేస్తే ఫ్యాన్స్ ఊరుకోలేదు, 2020లో పాప్ టీవీ అనే అమెరికా ఛానల్లో నాలుగో సీజన్ వచ్చింది.

ఇది అయ్యాక 'జేన్ ద వర్జిన్' చూడండి, అదీ ఒక లాటినా కుటుంబం సీరియలే. అందులో అమ్మమ్మ ఆల్బా స్పానిష్‌లోనే మాట్లాడుతుంది, మనవరాలు ఇంగ్లీషులో జవాబిస్తుంది, అమెరికాలో మనవలున్న అమ్మమ్మలు మన కృష్ణా గుంటూరుల్లో బోలెడుమంది, వాళ్లని కూడా పక్కన కూర్చోబెట్టుకుని చూడండి.